మసాచుసెట్స్ సంస్కరణ పాఠశాలలు: బాలల సామూహిక నిర్బంధం - ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నేరం చేసిన బాలుణ్ణి పెద్దల చెరసాల నుంచి తప్పించాలన్న ఆలోచన పందొమ్మిదో శతాబ్దపు మానవతావాదం సాధించిన విజయం. అయితే అతణ్ణి ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు ఆనాటి ప్రభుత్వాలు చూపిన సమాధానం మరొక పెద్ద భవనమే. వందలాది బాలలను ఒకేచోట నిర్బంధించినప్పుడు సంస్కరణ లక్ష్యం ఎలా దెబ్బతింటుందో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. వెస్ట్‌బరో పాఠశాల

1848లో వెస్ట్‌బరోలో ప్రారంభమైన బాలుర సంస్కరణ పాఠశాల, అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన ఈ కోవకు చెందిన తొలి సంస్థ. బోస్టన్ మాజీ మేయర్ థియోడర్ లైమన్ విరాళం దీనికి ఊతమిచ్చింది. చదువు, వ్యవసాయం, చేతిపనులు నేర్పి బాలురను సత్పౌరులుగా తీర్చిదిద్దాలన్నది స్థాపకుల ఆశయం. 300 మంది కోసం కట్టిన భవనాన్ని కొద్ది సంవత్సరాల్లోనే దాదాపు రెట్టింపు మందికి సరిపోయేలా విస్తరించారు. సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కొక్క బాలుడి స్వభావాన్ని, కుటుంబస్థితిని తెలుసుకొనే అవకాశం తగ్గి, అందరినీ ఒకే కట్టుబాటులో నడపడమే పాలనగా మారింది.

1859లో అక్కడి బాలుడొకడు పెట్టిన నిప్పుకు భవనంలో అధికభాగం దగ్ధమైంది. ఆ తర్వాత బాలురను చిన్న గృహాలుగా విభజించే ప్రయత్నాలు జరిగాయి. 1880వ దశకంలో సంస్థ లైమన్ పేరుతో కొత్త స్థలానికి మారింది. పేరు, స్థలం, కట్టడం మారినా నిర్బంధ స్వభావం మారలేదు. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలోనూ వరుసల్లో నడవడం, మౌనం పాటించడం, దెబ్బలు తినడం అక్కడి నిత్యజీవితంలో భాగాలుగానే ఉన్నాయి.

3. మూసివేత

1969లో రాష్ట్ర యువజన సేవల శాఖ కమిషనర్‌గా నియమితుడైన జెరోమ్ మిల్లర్ ఈ సంస్థలను మొదట లోపలి నుంచే సంస్కరించబోయాడు. మౌన నియమాన్ని తొలగించాడు. జుట్టు పెంచుకోవడానికి, సొంత దుస్తులు ధరించడానికి పిల్లలను అనుమతించాడు. సిబ్బందిలో పలువురు ప్రతిఘటించారు. తాను తప్పుకోగానే పాత పద్ధతులు తిరిగివస్తాయని గ్రహించిన మిల్లర్ మూసివేతే మార్గమని నిర్ణయించాడు. 1972 జనవరిలో సుమారు 100 మంది బాలలను ఆమర్స్ట్‌లోని విశ్వవిద్యాలయ వసతిగృహాలకు తరలించి, ఒక నెలపాటు విద్యార్థుల సాహచర్యంలో ఉంచారు. అనంతరం వారిని సొంత ఇళ్లకు, సంరక్షక కుటుంబాలకు, చిన్న గృహాలకు పంపారు. ఇతరులకు ప్రమాదం కలిగించగల కొద్దిమందికి మాత్రమే భద్రతా కేంద్రాలు మిగిలాయి.

ఈ మార్పును హార్వర్డ్ పరిశోధకులు అధ్యయనం చేశారు. రాష్ట్రమంతటా చూస్తే నేరాల పునరావృత్తి గణనీయంగా తగ్గలేదు. స్థానిక కార్యక్రమాలు వైవిధ్యంతో, శ్రద్ధగా అమలైన ప్రాంతాల్లో మాత్రం మెరుగైన ఫలితాలు కనిపించాయి. దీన్నిబట్టి రెండు విషయాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, పెద్ద సంస్థల మూసివేత దానంతట అదే పరిష్కారం కాదు. రెండు, అవి లేనిదే సమాజానికి రక్షణ లేదన్న వాదనకు ఆధారం లేదు.

4. భారతీయ సందర్భం

సంస్కరణ పాఠశాల భావన వలస పాలనలో మన దేశానికీ వచ్చింది. 1876, 1897 సంస్కరణ పాఠశాలల చట్టాలు దానికి రూపమిచ్చాయి. తెలుగు జిల్లాలు అంతర్భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో 1887లో చెంగల్పట్టు పాఠశాల ప్రారంభమైంది. 1897 చట్టం పదిహేనేళ్ల లోపు బాలుణ్ణి మూడు నుంచి ఏడేళ్ల వరకు ఉంచేందుకు వీలు కల్పించింది. రాత్రివేళ బాలురను వేరుచేసే ఏర్పాటు ప్రతి పాఠశాలలో ఉండాలని కూడా అదే చట్టం నిర్దేశించడం గమనార్హం. బాలలను గుంపుగా ఉంచడంలోని ప్రమాదం చట్టకర్తలకు ముందే తెలుసునని దీనివల్ల గ్రహించవచ్చు.

5. ముగింపు

2015 బాల న్యాయ చట్టం సంస్థాగత సంరక్షణను చివరి ప్రత్యామ్నాయంగానే పరిగణించాలని పేర్కొంది. ఆ సూత్రం ఆచరణలో నిలవాలంటే మందలింపు, కౌన్సెలింగ్, సమాజసేవ, ప్రొబేషన్ వంటి ముందరి మార్గాలకు సిబ్బంది, నిధులు సమకూరాలి. అవి లేనిచోట న్యాయమండలి ఎదుట నిలిచిన బాలుడికి చివరి మార్గమే మొదటి మార్గమవుతుంది. ఒక్కొక్క బాలుణ్ణి పేరుతో ఎరిగిన మనుషులు చుట్టూ ఉన్నప్పుడే సంస్కరణ సాధ్యమన్నది వెస్ట్‌బరో చరిత్ర నిరూపించిన సత్యం.