కడచూపుకు చోటున్న దూరం

క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను మహమ్మారి కమ్ముకుంది. ఆ జబ్బు పడి లేచిన చరిత్రకారుడు థుసిడిడీస్ అక్కడ రెండు రకాల చావులు చూశాడు. భయంతో ఎవరూ గడప తొక్కకపోవడంతో దిక్కులేక పోయినవాళ్లు కొందరు. మిత్రుణ్ని వదిలేయడం సిగ్గనుకుని వెళ్లి, రోగం అంటించుకుని పోయినవాళ్లు ఇంకొందరు. దగ్గరికి వెళ్లాలా, ఆగాలా? ఈ చిక్కు అప్పటికీ ఇప్పటికీ మారలేదు.

మొదట్లో దూరం పాటించమన్నది ఎక్కువగా బయటి నుంచి వచ్చేవారికే. 1377లో ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా (నేటి దుబ్రోవ్నిక్) ప్లేగు ప్రాంతాల నుంచి వచ్చేవారిని 30 రోజులు బయటే ఆపింది. తర్వాత రేవుల్లో ఆ గడువు 40 రోజులకు పెరిగింది. నియమం ఇంటి గడప దాటి లోపలికి వచ్చాకే మనుషుల మధ్య కథ మొదలైంది. 1665 లండన్‌లో ఒకరికి ప్లేగు సోకితే ఇంటిల్లిపాదినీ లోపల ఉంచి తాళం వేసేవారు. తలుపు మీద ఎర్ర శిలువ, బయట కాపలా. రోగితోపాటు ఆరోగ్యవంతులూ బందీలే. మన ఊళ్లలో అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికీ వేపమండలు కట్టేవారు. అదీ రావద్దన్న గుర్తే. కానీ లోపల వేపకొమ్మతో విసురుతూ ఎవరో ఒకరు పక్కన ఉండేవారు.

ఇంగ్లండ్‌లోని ఈమ్ అనే పల్లె కథ వేరు. లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి వచ్చిన గుడ్డల పెట్టెతో 1665లో ప్లేగు దిగిందని అక్కడివాళ్లు చెబుతారు. మరుసటి వేసవిలో విలియం మాంపెసన్ అనే మతాచార్యుడు ఊరు విడిచి వెళ్లొద్దని జనాన్ని ఒప్పించాడు. తన పిల్లల్ని మాత్రం ముందే పంపించేశాడు. ఇది గొప్ప కథలు చెప్పేవాళ్లు కాస్త తొందరగా దాటేసే సంగతి. ప్రార్థనలు ఆరుబయట, ఎడంగా నిలబడి జరిగాయి. ఎవరి శవాన్ని వాళ్లే పాతిపెట్టుకున్నారు. ఒక తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు బిడ్డలనూ మట్టిచేసింది. మాంపెసన్ భార్య కేథరిన్ 1666 ఆగస్టులో పోయింది. మొత్తం 260 మంది దాకా చనిపోయారు. అయినా కట్టుబాటు ఎలా నిలిచింది? పొలిమేర అవతలివాళ్లు తిండి తెచ్చి పెట్టారు కాబట్టి. సరిహద్దు రాతి గుంటల్లో వెనిగర్ పోసి, నాణేలు అందులో వేసేవారు. మనుషులు తాకకపోయినా ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు.

ఈమ్‌ను నిలిపిన ఆ పరస్పర నమ్మకం 1897 పుణేలో లేదు. ప్లేగు అధికారి ర్యాండ్ కింద సైనికులు ఇళ్లలో చొరబడి, రోగులనూ బంధువులనూ వేర్వేరు శిబిరాలకు తరలించారు. జనం రోగుల్ని దాచారు. జూన్ 22న చాపేకర్ సోదరులు ర్యాండ్‌పై కాల్పులు జరిపారు. అదే ఏడాది మార్చి 10న, కొడుకు యశ్వంత్ వైద్యశాలకు ప్లేగు సోకిన పిల్లవాణ్ని మోసుకెళ్లి, ఆ జబ్బుతోనే సావిత్రీబాయి ఫూలే కన్నుమూసింది. ఒకే ఊరు, ఒకే రోగం. సర్కారు విడదీయడానికి వచ్చింది, ఆమె ఎత్తుకోవడానికి వెళ్లింది.

2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు పుణే తప్పే మళ్లీ జరిగింది. శవాలను సంచుల్లో కట్టి తీసుకెళ్లడంతో జనం రోగుల్ని దాచి, రాత్రిళ్లు రహస్యంగా పూడ్చారు. ఆ ఏడాది చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మార్చింది. కుటుంబం ఎడంగా నిలబడి చూడొచ్చు, ప్రార్థించొచ్చు. తర్వాత కాంగోలో రోగుల్ని పారదర్శకమైన ప్లాస్టిక్ గదుల్లో ఉంచారు. బిడ్డ అమ్మను చూడగలిగింది.

ఇంత తెలిసీ 2020లో కొవిడ్ వచ్చినప్పుడు మనం తడబడ్డాం. శవం ఉన్న సంచిని ముఖం వైపు తెరిచి బంధువులకు కడచూపు దక్కనివ్వవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ మార్చిలోనే రాసింది. తాకకుండా చేసే కర్మకాండలకూ ఒప్పుకుంది. కానీ చాలాచోట్ల ఆసుపత్రి గేటు దగ్గర ఆ కాగితం చెల్లలేదు. కొన్ని ఊళ్లు శ్మశానానికి దారే ఇవ్వలేదు. మాస్కులూ దూరమూ అవసరమే, వాటితో నాకు పేచీ లేదు. అయితే ‘దక్కనివ్వవచ్చు’ అన్న మాట భయపడిన గుమాస్తా చేతిలో ‘కుదరదు’ అయిపోతుంది. వచ్చే మహమ్మారికి నియమాలు రాసేవాళ్లు కడచూపును దయాదాక్షిణ్యాలకు వదలకుండా, హక్కుగా రాయాలి.