అనేక తెరలు, ఒక బల్ల: శ్రీహరికోట చెప్పు చరిత్ర

నేడు బ్యాంకులలో, ఓడరేవులలో, విద్యుత్ కేంద్రములలో, తుదకు ఇండ్లలో సైతము ఒకే బల్లపై రెండు మూడు కంప్యూటరు తెరలు కనిపించుచున్నవి. ఒక తెర చాలనప్పుడు రెండవది కొందురు. రెండవది వచ్చిన పిమ్మట బల్లపై చోటు చాలదు. కొలది దినములలో మెడనొప్పి ఆరంభమగును. అప్పుడు ఆ తెరలను పట్టి నిలుపు స్టాండు కొరకు వెదకుదురు. దాని ధర యెంత, ఎంత బరువు మోయును, ఎన్ని చేతులు కలది అని విచారించువారే ఎక్కువ. కాని అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. ఏ తెరను ఎవరు చూడవలెను? ఎంతసేపు చూడవలెను? చూచి ఏమి నిర్ణయింపవలెను? ఈ ప్రశ్నను తేలికగా విడిచిపెట్టుటకు వీలులేని స్థలము నెల్లూరు సముద్రతీరమున ఒకటి కలదు. అదియే శ్రీహరికోట.

పులికాటు ఆవలి ఒడ్డు

ఒకవైపు పులికాటు సరస్సు, మరియొకవైపు బంగాళాఖాతము గల ఈ ద్వీపమును 1969లో రాకెట్టు ప్రయోగముల కొరకు ఎన్నుకొనిరి. తూర్పున సముద్రము తప్ప జనావాసము లేదు. కనుక రాకెట్టు నుండి విడిపోవు భాగములు పడినను ప్రాణహాని యుండదు. భూమి తూర్పు దిశగా తిరుగుచుండుటచే, ఆ దిశకు పంపిన రాకెట్టునకు భూభ్రమణ వేగము కూడ తోడ్పడును. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టుతో ఇచ్చట ప్రయోగములు ప్రారంభమైనవి. 2002లో ఈ కేంద్రమునకు ఆచార్య సతీష్ ధవన్ పేరు పెట్టిరి. చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరినది.

ప్రయోగ సమయమున రాకెట్టు దగ్గర మనుష్యులెవ్వరును ఉండరు. కొన్ని కిలోమీటర్ల దూరమున ఒక గదిలో కూర్చున్నవారికి రాకెట్టు స్థితి అంకెల రూపమున, గీతల రూపమున మాత్రమే తెలియును. తొట్టిలోని పీడనము, కవాటము తెరచుకొనుట, విద్యుత్ ఘటముల శక్తి, గాలి వేగము మొదలగు వాటిని చేతితో తాకి చూచుటకు వీలులేదు. వారికి తెరయే కన్ను. ఆ తెరలో కనిపించినదానిని నమ్మవలెనా, వద్దా అను నిర్ణయము కొన్ని క్షణములలో జరుగవలసి యుండును.

1979 ఆగస్టు 10

భారతదేశపు మొదటి ఉపగ్రహ వాహనమైన ఎస్.ఎల్.వి.-3 ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. దాని మొదటి ప్రయోగము 1979 ఆగస్టు 10వ తేదీన జరిగినది. ఆ పథకమునకు సంచాలకులు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాము. నాటి సంఘటనను ఆయన తరువాత అనేక సభలలో స్వయముగా వివరించిరి. కౌంట్‌డౌన్ తుది ఘట్టములో కంప్యూటరు ప్రయోగమును నిలిపివేసెను. నియంత్రణ వ్యవస్థలో ఏదో భాగము సరిగా లేదని దాని సూచన. ఇంధన ద్రవము కావలసినంత నిల్వ యున్నది గనుక భయము లేదని నిపుణులు చెప్పిరి. కలాము కంప్యూటరు సూచనను ప్రక్కకు నెట్టి ప్రయోగమునకు అనుమతినిచ్చిరి. మొదటి అంచె చక్కగా పని చేసినది. రెండవ అంచె నియంత్రణ వ్యవస్థ చెడినది. బయలుదేరిన 317 సెకండ్లకు వాహనము బంగాళాఖాతములో కూలినది. ఒక కవాటము సరిగా పని చేయకపోవుటయే దీనికి కారణము.

మరుసటి సంవత్సరము, 1980 జూలై 18న, అదే రకపు వాహనము 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. కాని మొదటి ప్రయోగము మిగిల్చిన ప్రశ్న నేటికిని పాతబడలేదు. యంత్రము చూపిన హెచ్చరిక మనుష్యుని ముందుకు వచ్చినప్పుడు, దాని విలువను అతడు తెలిసికొనుటకు తగిన సమాచారము, తగిన క్రమములో, కన్నులకెదుట ఉండవలెను.

విమానములు నేర్పిన పాఠము

ఈ ప్రశ్న శ్రీహరికోటకు మునుపే విమానములలో పుట్టినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, 1947లో, అమెరికాలో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు విమాన చోదకుల పొరపాట్లను సేకరించిరి. మీటలు, పిడుల వాడుకలో జరిగిన పొరపాట్లు 460. సాధనముల ముండ్లను చదువుటలో జరిగినవి 270. ఎత్తును తెలుపు సాధనమునందు అనేక ముండ్లు ఉండుటచే, వేయి అడుగుల తేడాతో చదివిన సందర్భములు పెక్కు. నేరము కేవలము చోదకునిది కాదనియు, సాధనముల రూపమును, అమరికను మార్చినచో అట్టి పొరపాట్లు తగ్గుననియు వారు చూపిరి. మనుష్యుని శరీరమునకు, బుద్ధికి తగినట్లు పనిముట్లను అమర్చు శాస్త్రము దీనితో బలపడినది. దీనినే ఎర్గొనామిక్సు అందురు.

1965 నుండి అమెరికా అంతరిక్ష యాత్రలను నడపిన హ్యూస్టన్ నియంత్రణశాలలో ఒక్కొక్క నిపుణుని ముందు పెద్ద ఉక్కు బల్ల ఉండెడిది. టెలివిజను తెరలు దానిలోనే బిగింపబడి యుండెను. వాటిని జరుపుటకు గాని, వంచుటకు గాని వీలులేదు. అందుచేత ఏ తెర ఎక్కడ ఉండవలెనో బల్లను చేయించుటకు ముందే నిశ్చయించుకొనవలసి వచ్చెను. అది అసౌకర్యమే గాని, ఒక మేలు కూడ చేసినది. ముందుగా ఆలోచింపక గత్యంతరము లేకపోయెను.

బరువు తగ్గినది, చేయి పుట్టినది

నాటి తెరలు పిక్చర్ ట్యూబుతో చేసినవి. 1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించిన కాథోడ్ కిరణ నాళికయే వాటికి మూలము. పెద్ద ట్యూబు మానిటరు ఇరువది, ముప్పది కిలోలు తూగెడిది. దాని వెనుక భాగము సుమారు అర మీటరు ఆక్రమించెడిది. అట్టిదానిని ఒంటి స్తంభముపై నిలుపుట కష్టము. 2000 తరువాతి సంవత్సరములలో పలుచని ద్రవస్ఫటిక తెరలు వ్యాప్తి చెందగా, 24 అంగుళముల తెర బరువు నాలుగైదు కిలోలకు దిగినది. అప్పుడే తెర బల్లను విడిచి గాలిలో నిలువగలిగెను.

దానికి రెండు ఏర్పాట్లు తోడ్పడినవి. మొదటిది రంధ్రముల కొలత. వీసా అను పరిశ్రమల సంఘము 1997లో మొదలిడిన ప్రమాణము ప్రకారము తెర వెనుక నాలుగు మర రంధ్రములు 75 లేక 100 మిల్లీమీటర్ల చతురస్రముగా ఉండును. 75 కొలతకు 8 కిలోల వరకు, 100 కొలతకు 14 కిలోల వరకు బరువు పరిమితి. ఈ కొలత ఒకటే అగుటచే ఏ సంస్థ చేసిన తెరకైనను ఏ సంస్థ స్టాండైనను సరిపోవును.

రెండవది స్ప్రింగు చేయి. నెల్లూరు సీమ రైతులకు ఏతము కొత్త కాదు. ఏతపు మ్రానుకు ఒక కొనను బరువుండుటచే రెండవ కొననున్న నీటి బాన తేలికగా పైకి వచ్చును. బరువునకు మారుగా స్ప్రింగును ఉంచినచో పని జరుగును గాని, మామూలు స్ప్రింగు సాగినకొలది లాగుడు పెరుగును. చేయి ఏ ఎత్తున ఉన్నను సమతూకము నిలువవలెనన్నచో స్ప్రింగును తగిన కోణములో కట్టవలెను. ఇంగ్లాండులో మోటారు కార్ల స్ప్రింగులపై పని చేసిన జార్జ్ కార్వర్డైన్ 1932లో ఈ సూత్రముతో బల్లదీపమును రూపొందించిరి. వ్రేలితో నెట్టిన చోట నిలుచు ఆ దీపపు చేయియే నేటి మానిటరు చేతికి పూర్వరూపము. ఇప్పుడు లోహపు చుట్టకు బదులుగా బిగించిన వాయువు గల గ్యాస్ స్ప్రింగును కూడ వాడుచున్నారు.

కన్ను, మెడ, దూరము

తెరను జరుపుట సులభమైనప్పుడు ఎక్కడికి జరుపవలెనను ప్రశ్న మరల వచ్చును. 24 అంగుళముల తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. కంటికి 65 సెంటీమీటర్ల దూరమున ఇట్టివి మూడింటిని తిన్నగా వరుసలో నిలిపినామనుకొందము. ప్రక్క తెర నడిమి భాగమును చూచుటకు 39 డిగ్రీలు తిరుగవలెను. దాని దూరము 84 సెంటీమీటర్లగును. చివరి అంచు 1 మీటరునకు మించును. అనగా అక్షరములు చిన్నవిగా కనిపించును. కన్ను మాటిమాటికి దూరము సవరించుకొనవలెను.

అదే తెరలను విల్లువలె వంచి అమర్చినచో మూడింటి దూరము 65 సెంటీమీటర్లే అగును. కాని మెడ తిరుగవలసిన కోణము తగ్గదు. 44 డిగ్రీలకు పెరుగును. ఈ విషయమును పెక్కుమంది గమనింపరు. వంపు కంటికి సహాయము చేయును గాని మెడకు చేయదు. కనుక ఎల్లప్పుడు చూడవలసిన తెర ఎదుట ఉండవలెను. అప్పుడప్పుడు చూచునవి మాత్రమే ప్రక్కన ఉండవచ్చును. రెండు తెరలను సమానముగా వాడువారు వాటి సంధిని ముక్కునకు ఎదురుగా ఉంచి, రెండింటిని కొంచెము లోపలికి త్రిప్పవలెను. తెర పై అంచు కంటి మట్టమునకు సరిగానో, కొంచెము క్రిందుగానో ఉండుట మేలు. ఒకదానిపై నొకటి ఎక్కించినచో పై తెర కొరకు తల వెనుకకు వాల్చవలసి వచ్చును. ద్వికేంద్ర కళ్ళద్దములు పెట్టుకొనువారికి ఇది మరింత బాధ.

శ్రీహరికోటలో తరువాతి కాలము

2001 మార్చి 28న జి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగమునకు సిద్ధమైనది. దాని ప్రక్కనున్న నాలుగు ఇంజనులు వెలిగిన పిమ్మట, ఒకదానిలో తగిన బలము పుట్టలేదని స్వయంచాలక వ్యవస్థ కనుగొని అన్నింటిని ఆర్పివేసెను. మనుష్యుడు తెర చూచి నిర్ణయించు వ్యవధి అచ్చట లేదు. వాహనము దక్కినది, ఏప్రిల్ 18న ఎగిరినది.

2012 జనవరి 2న రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ క్రొత్త ప్రయోగ నియంత్రణశాలను ప్రారంభించిరి. వరుసలుగా బల్లలు, ఒక్కొక్క నిపుణుని ముందు అతని విభాగమునకు చెందిన తెరలు, ఎదుట గోడపై అందరికి కనిపించు పెద్ద తెరలు దాని రూపము. ఒక్కడు అన్నింటిని చూడడు. పని పంచబడినది, దానిని బట్టి తెరలు పంచబడినవి.

2019 జూలై 15 వేకువజామున చంద్రయాన్-2 బయలుదేరవలసి యుండెను. 56 నిమిషముల 24 సెకండ్లు మిగిలియుండగా వాహనములో సాంకేతిక లోపము కనిపించుటచే గణనను నిలిపివేసిరి. రాష్ట్రపతి అచ్చట ఆసీనులై యుండిరి, దేశమంతయు చూచుచుండెను. అయినను హెచ్చరికను ప్రక్కకు నెట్టలేదు. లోపమును సవరించి వారము దినములకు, జూలై 22న, విజయవంతముగా ప్రయోగించిరి.

2023 అక్టోబరు 21న గగనయానమునకు సంబంధించిన టి.వి.-డి1 పరీక్షలో, 5 సెకండ్లు మిగిలియుండగా కంప్యూటరు గణనను ఆపెను. ఈసారి లోపము పరిశీలన వ్యవస్థలోనిదని తేలినది. దానిని త్వరగా గుర్తించి సరిచేసిరి; 10 గంటలకు వాహనము ఎగిరినది. హెచ్చరిక నిజమైనదా, కాదా అని తెలిసికొనుటకు కూడ ఆగి చూచుటయే మార్గమని ఈ సంఘటన తెలుపుచున్నది.

స్టాండు ఎన్నుకొనుట

నియంత్రణ కేంద్రముల నిర్మాణమునకు ఐ.ఎస్.ఓ. 11064 అను అంతర్జాతీయ ప్రమాణము కలదు. దాని భాగముల వరుసయే చాల విషయము చెప్పును. మొదట మూలసూత్రములు, పని స్వభావము, పిమ్మట గదులు, అటుపిమ్మట బల్లలు, ఆ తరువాతనే తెరలు, మీటలు. ఇంటిలో స్టాండు కొనువాడు సాధారణముగా ఈ క్రమమును తలక్రిందులు చేయును.

అతడు ముందుగా ఒక దినమున ఏ తెరను ఎంతసేపు చూచుచున్నాడో గమనింపవలెను. తెరలు స్థిరముగా ఉండదగినవైనచో, ఎత్తు సవరించు వీలు గల ఒంటి స్తంభపు స్టాండు చాలును. దానికి ధర తక్కువ, చెడునది తక్కువ. ఒకే బల్లపై వంతులవారీగా వేరువేరు మనుష్యులు కూర్చున్నచో స్ప్రింగు చేతులు అవసరము, ఏలనన కంటి ఎత్తు మనిషి మనిషికి మారును. స్ప్రింగు చేతికి గరిష్ఠ బరువే కాక కనిష్ఠ బరువు కూడ ఉండును. మరీ తేలికయైన తెరను బిగించినచో చేయి దానంతట అదియే పైకి లేచును.

బల్లను కూడ పరీక్షింపవలెను. మొత్తము 8 కిలోల తెరలు అంచునుండి 50 సెంటీమీటర్లు ముందుకు చాచి యుండగా, క్లాంపు 5 సెంటీమీటర్ల మేర మాత్రమే పట్టుకొన్నచో, తులాదండ న్యాయమున అచ్చట పది రెట్లు, అనగా సుమారు 80 కిలోల ఒత్తిడి పడును. అద్దపు బల్లలు పగులవచ్చును. పొట్టుచెక్క బల్లలు నొక్కుకొనిపోవును. వాటికి క్రింద, పైన ఇనుప రేకు వేయుట మంచిది.

కోస్తాలో మరియొక జాగ్రత్త కలదు. ఉప్పుగాలి తగులు గదులలో పూతలేని ఉక్కు మరలు త్వరగా తుప్పుపట్టును. తేమ సోకినప్పుడు ఉక్కు, అల్యూమినియము కలిసిన చోట అల్యూమినియము తినివేయబడును. గ్యాస్ స్ప్రింగు కడ్డీపై తుప్పు చుక్కలు పడినచో లోపలి వాయువు మెల్లగా తప్పించుకొనును, చేయి వాలిపోవును. కనుక సముద్రపు గాలికి కిటికీలు తెరచియుంచు గదులలో మంచి పూత గలది, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు గలది తీసికొని, సంవత్సరమునకు ఒకమారైనను మరలు బిగించి చూచుకొనవలెను.

ఇవన్నియు సరిచూచుకొనిన పిమ్మట మరియొక తెర కొనదలచినవాడు, తనకు తక్కువైనది తెరయా, లేక ఉన్న తెరల అమరికయా అని ఒకమారు విచారించుకొనవలెను. పెక్కు సందర్భములలో అమరికను మార్చినచో రెండవదియే చాలునని తేలును.