కంప్యూటర్ తెరిస్తే యాడ్సే యాడ్స్: ఫార్మాట్ కొట్టించే ముందు ఇంట్లోనే చేసుకోగల పని

పిల్లాడు ఆన్‌లైన్ ఖురాన్ క్లాసు కోసం ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఉస్తాద్ సబఖ్ మొదలుపెట్టేలోపే స్క్రీన్ కింద కుడి మూలన చిన్న పెట్టె ఒకటి పైకి లేస్తుంది. 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అంటుంది. దాన్ని మూసేస్తే రమ్మీ ఆడి లక్షలు గెలవమని ఇంకొకటి, ఆ వెనకే ఇంట్లో నలుగురి ముందు చూడలేని బొమ్మతో మరొకటి వస్తాయి. అమ్మీ గబుక్కున మూత వేసేస్తుంది. తర్వాత చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ముందు పిల్లాడికి తిట్లు, తర్వాత షాపులో ఫార్మాట్. ఫార్మాట్‌తో పాటు పెళ్లి ఫొటోలు, స్కాన్ చేసి దాచుకున్న సర్టిఫికెట్లు కూడా పోయిన ఇళ్లు తక్కువేం కాదు.

చాలాసార్లు ఈ రెండూ అవసరం లేదు. పిల్లాడు చెడ్డ సైట్లు చూడకపోయినా ఈ యాడ్స్ వస్తాయి. తిలావత్ ఎంపీ3 డౌన్‌లోడ్ చేసినా, స్కాలర్‌షిప్ ఫారం కోసం పీడీఎఫ్ సైజు తగ్గించే సైటు వెతికినా వస్తాయి. అందుకే అనుమానం సంగతి తర్వాత, ముందు మెషిన్ సంగతి చూడాలి.

యాడ్‌వేర్ అంటే యాడ్స్ చూపించి డబ్బు సంపాదించడం కోసమే కంప్యూటర్‌లో దూరే సాఫ్ట్‌వేర్. మనం చూసిన ప్రతి యాడ్‌కీ, నొక్కిన ప్రతి లింకుకీ దాని వెనకున్నవాడికి కొంత ముడుతుంది. ఫైళ్లు తాళం వేసే వైరస్ అంత ప్రమాదం కాదని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. కానీ అదే బ్రౌజర్‌లో నెట్ బ్యాంకింగ్ చేస్తాం, గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బు చూసుకుంటాం, హజ్ దరఖాస్తు నింపుతాం. మనం ఏం వెతుకుతున్నామో, ఏ పేజీలో ఉన్నామో చూడగలిగేది పక్కనే కూర్చుని ఉంటే అది చిన్న విషయం ఎలా అవుతుంది?

ముందు చూడాల్సింది నోటిఫికేషన్లు

మూలన లేచే పెట్టెల్లో ఎక్కువ శాతం అసలు వైరసే కాదు. ఏదో ఒక రోజు ఏదో సైటులో 'మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి' అనో, 'వీడియో చూడాలంటే అలౌ నొక్కండి' అనో అడిగి ఉంటుంది, ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు. ఆ ఒక్క నొక్కుతో ఆ సైటుకు రోజంతా మన స్క్రీన్ మీద చీటీలు వేసే హక్కు వచ్చేసింది. ఆ సైటు మళ్లీ తెరవకపోయినా సరే, చీటీలు వస్తూనే ఉంటాయి. యాంటీవైరస్‌కు ఇది దొరకదు, ఎందుకంటే అనుమతి ఇచ్చింది మనమే.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. కిందకు వస్తే, నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. అర్థంకాని అక్షరాలు, అంకెలు కలిసిన పేర్లు అక్కడ వరసగా ఉంటే దొంగలు దొరికినట్టే. ఒక్కోదాని పక్కన చుక్కలు నొక్కి బ్లాక్ చేయండి. రిమూవ్ చేస్తే ఆ సైటు మళ్లీ అడగొచ్చు, బ్లాక్ చేస్తే అడగదు. ఆ పేజీలోనే పైన, ఏ సైటూ నోటిఫికేషన్ల కోసం అడగకూడదనే ఆప్షన్ ఉంటుంది. ఇంటి కంప్యూటర్‌కు అది పెట్టేయడమే మేలు. వార్తా సైట్ల అలర్ట్‌లు రాకపోతే కొంపేం మునగదు.

ఎడ్జ్ వాడేవారు సెట్టింగ్స్‌లో వెతికే పెట్టెలో నోటిఫికేషన్స్ అని కొడితే ఇలాంటి జాబితాకే చేరుకుంటారు. ఈ ఒక్క పనితోనే చాలామంది సమస్య తీరిపోతుంది. ఒక గంట వాడి చూడండి, పెట్టెలు లేవకపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు.

ఆగకపోతే ఎక్స్‌టెన్షన్లు

వెతికేది గూగుల్‌లో, తేలేది పేరు తెలియని ఇంకేదో పేజీలో. హోమ్‌పేజీ దానంతటదే మారిపోయింది. మామూలు సైట్లలో కూడా మాటల కింద గీతలు పడి లింకులు కనిపిస్తున్నాయి. ఇలా ఉంటే అది ఎక్స్‌టెన్షన్ పని కావచ్చు. మూడు చుక్కల్లో ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్‌కు వెళ్లండి. మీకు గుర్తులేనిది, వాడనిది ఏదైనా తీసేయండి. పీడీఎఫ్ కన్వర్టర్, కూపన్ చూపించేది, వీడియో డౌన్‌లోడర్, కొత్త ట్యాబ్‌లో అందమైన మసీదు బొమ్మ పెట్టేది... పేరు ఎంత మంచిదైనా ఇక్కడ మొహమాటం అక్కర్లేదు.

నమాజ్ వేళలు చూపించే ఎక్స్‌టెన్షన్ పెట్టుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగి అది ఏం అనుమతి అడుగుతోందో చదవాలి. వేళలు చెప్పడానికి ఊరి పేరు తెలిస్తే చాలు. 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడానికి, మార్చడానికి' అని అడిగిందంటే, మీ బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది. దీన్ పేరు పెట్టుకున్న ప్రతి యాప్ దీన్ కోసమే తయారైందని అనుకోవడానికి లేదు. 2020 నవంబర్‌లో ముస్లిం ప్రో ఫోన్ యాప్ నుంచి లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే డేటా కంపెనీకి వెళ్తున్నాయని వార్తలు వచ్చాక, ఆ కంపెనీతో సంబంధం తెంచుకుంటున్నట్టు యాప్ యాజమాన్యం ప్రకటించాల్సి వచ్చింది.

తీసేసిన ఎక్స్‌టెన్షన్ మర్నాడు మళ్లీ కనిపిస్తే కంగారు పడకండి. క్రోమ్‌లో జీమెయిల్‌తో లాగిన్ అయి సింక్ ఆన్‌లో ఉంటే, అదే అకౌంట్ ఉన్న రెండో కంప్యూటర్ నుంచి అది తిరిగి దిగుతుండవచ్చు. అన్ని చోట్లా తీసేయాలి.

తర్వాత సెట్టింగ్స్‌లో రీసెట్ సెట్టింగ్స్ అనే ఆప్షన్‌తో బ్రౌజర్‌ను మొదటి స్థితికి తెచ్చుకోండి. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు పోవు. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, సైట్లలోకి మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది, అంతే. పాత వీడియోల్లో క్రోమ్‌లోనే ఉన్న క్లీనప్ టూల్‌తో స్కాన్ చేయమని చెబుతుంటారు. దాన్ని గూగుల్ 2023లోనే తీసేసింది, వెతుక్కుంటూ కూర్చోవద్దు.

విండోస్‌లో దాక్కున్నవి

సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్. విండోస్ 10లో దీని పేరు యాప్స్ అండ్ ఫీచర్స్. జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం సర్దండి. యాడ్స్ ఎప్పుడు మొదలయ్యాయో ఇంట్లో ఎవరికో ఒకరికి గుర్తుంటుంది. ఆ రోజుల్లో వచ్చిన ప్రోగ్రాములు చూడండి. మనం దింపింది ఒకటైతే అదే రోజు మూడు, నాలుగు దిగి ఉంటాయి. అక్కరలేనివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని పోయేముందు 'నిజంగానే వెళ్లమంటారా, ఈ ఆఫర్ చూడండి' అని బతిమాలతాయి. బటన్లు చదివి నొక్కండి. ఇంటెల్, రియల్‌టెక్, ఎన్విడియా లాంటి పేర్లు మాత్రం ముట్టుకోవద్దు. అవి డ్రైవర్లు, తీసేస్తే సౌండ్ పోయి మళ్లీ షాపుకే వెళ్లాల్సి వస్తుంది.

ఆ తర్వాత స్కాన్. దీనికి డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు, విండోస్‌తో పాటే డిఫెండర్ ఉంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫుల్ స్కాన్ పెట్టండి. పాత మెషిన్‌లో గంటలు పడుతుంది, ఇషా తర్వాత పెట్టి పడుకోవచ్చు. మొండిగా ఉన్నవాటికి ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కోవడానికి చోటుండదు.

చాలామందికి తెలియని మీట ఒకటుంది. విండోస్ సెక్యూరిటీలోనే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో, అక్కర్లేని యాప్‌లను ఆపే ఆప్షన్. డిఫెండర్ యాడ్‌వేర్‌ను గట్టిగా పట్టాలంటే అది ఆన్‌లో ఉండాలి. దీంతో పాటు మాల్‌వేర్‌బైట్స్ వారి యాడ్‌డబ్ల్యూక్లీనర్ ఉచితం, ఇన్‌స్టాల్ కూడా చేయనక్కర్లేదు. దాన్ని ఆ కంపెనీ సొంత సైటు నుంచే తీసుకోండి. గూగుల్‌లో వెతికితే పైన 'స్పాన్సర్డ్' అని వచ్చే లింకులు వద్దు. అసలు కంపెనీల పేర్లతో నకిలీ యాడ్స్ వస్తున్నాయని అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబర్‌లో హెచ్చరిస్తూ, యాడ్ బ్లాకర్ వాడమని తానే సలహా ఇచ్చింది.

ఇంత చేసినా పోకపోతే ఇంకో మూడు చోట్లు చూడాలి. డెస్క్‌టాప్ మీద క్రోమ్ గుర్తుపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే వరస చూడండి. క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ తర్వాత ఏదైనా సైటు పేరు తగిలించి ఉంటే, ఆ షార్ట్‌కట్ తీసేసి కొత్తది పెట్టుకోండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ కింద మీరు పెట్టని ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఇక క్రోమ్ మెనూ అడుగున 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని కనిపిస్తే, ఇంటి కంప్యూటర్‌కు ఏ ఆఫీసూ లేదు కదా! కొన్ని యాంటీవైరస్‌లు కూడా అలా రాయిస్తాయి గానీ, చాలాసార్లు అది యాడ్‌వేర్ రిజిస్ట్రీలో రాసుకున్న హుకుం. రిజిస్ట్రీలో చేయి పెట్టడం కొత్తవారికి మంచిది కాదు. ఇక్కడ తెలిసినవాళ్లను పిలవండి, తప్పులేదు. పిలిచేముందు ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ప్రోగ్రాం ఫైళ్లు మాత్రం ఎక్కించొద్దు.

స్క్రీన్ నిండా ఎర్రగా, ఫోన్ నంబర్‌తో వస్తే

ఇది వేరే రకం, డబ్బు పోయేది ఇక్కడే. స్క్రీన్ మొత్తం నిండిపోతుంది, సైరన్ మోగుతుంది, మైక్రోసాఫ్ట్ బొమ్మ ఉంటుంది, వెంటనే ఫలానా నంబర్‌కు ఫోన్ చేయమంటుంది. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. అది ఒక వెబ్ పేజీ మాత్రమే. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

ఫోన్ చేస్తే అవతలివాడు మర్యాదగా మాట్లాడతాడు, ఎనీడెస్క్ లాంటి యాప్ వేయిస్తాడు, మన కంప్యూటర్ వాడి చేతిలోకి వెళ్తుంది. ఇది విదేశాల గొడవ అనుకోవద్దు. ఇలాంటి కాల్ సెంటర్లు మన దేశంలోనే దొరికాయి. 2023 అక్టోబర్‌లో 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో సీబీఐ 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులపై పెట్టిన కేసులూ వాటిలో ఉన్నాయి.

ఇంట్లో ఎవరైనా అప్పటికే ఫోన్ చేసి యాక్సెస్ ఇచ్చేసి ఉంటే, మొదట వైఫై ఆపేయండి. బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చెప్పండి. పాస్‌వర్డులు కూడా వేరే మెషిన్ నుంచే మార్చండి. డబ్బు పోతే 1930కి వెంటనే కాల్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టడం వల్లే ఎక్కువమంది నష్టపోతారు. ఇంట్లో పెద్దవాళ్లు అయితే మరీను, పిల్లలు ఏమంటారోనని చెప్పరు. వాళ్లను కోప్పడకుండా అడగాలి.

ఇవి వస్తున్నది ఎక్కడినుంచి?

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపి అంటగట్టడం పాత పద్ధతి. 2017లో బయటపడ్డ ఫైర్‌బాల్ అనే యాడ్‌వేర్ ప్రపంచంలో 25 కోట్లకు పైగా కంప్యూటర్లలో ఉందని, అందులో ఇండియావే 2.5 కోట్లని చెక్ పాయింట్ సంస్థ లెక్కగట్టింది. ఆ లెక్క ఎక్కువ చేసి చెప్పిందని మైక్రోసాఫ్ట్ అంది. ఎవరి లెక్క సరైనదైనా, అది వచ్చిన దారి మాత్రం ఉచిత ప్రోగ్రాముల తోకే. కొత్త ల్యాప్‌టాప్ కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2014 చివర్లో లెనోవో అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే యాడ్ సాఫ్ట్‌వేర్ ముందే వేసి ఉంది. 2015 ఫిబ్రవరిలో గొడవయ్యాక కంపెనీయే దాన్ని తీసేసే టూల్ ఇచ్చింది.

మన ఇళ్లకు సంబంధించినంత వరకు పెద్ద దారి ఇంకొకటి ఉంది. ఉర్దూ టైపింగ్. మదర్సా ప్రశ్నాపత్రానికో, షాదీ రుఖాకో ఇన్‌పేజ్ కావాలి. కొనాలంటే ఖరీదు అనిపిస్తుంది, 'క్రాక్' వెర్షన్ ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. దాన్ని వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేయమని కూడా చెబుతారు. తలుపు తీసి పెట్టి దొంగను పిలవడం అంటే ఇదే! మామూలు ఉర్దూ పనికి అసలు దాని అవసరమే లేదు. విండోస్‌లోనే లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో ఉర్దూ కీబోర్డు ఉంది. నస్తాలిక్ అక్షరాలకు ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే ఫాంట్ మైక్రోసాఫ్ట్‌దే, గూగుల్ వారి నోటో నస్తాలిక్ ఉర్దూ పూర్తిగా ఉచితం. లిబ్రే ఆఫీస్ కూడా ఉచితమే. ఇన్‌పేజ్‌లో చేయి తిరిగిన కాతిబ్‌లకు మొదట ఇబ్బందిగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

నాత్‌లు, తిలావత్ దించుకునే పేజీల్లో పచ్చగా మెరిసే డౌన్‌లోడ్ బటన్లు మూడు, నాలుగు ఉంటాయి. అసలుది చాలాసార్లు సన్నటి అక్షరాల్లో కింద ఉంటుంది. దించిన ఫైలు పేరు చివర ఎంపీ3 బదులు ఈఎక్స్ఈ ఉంటే తెరవకుండా డిలీట్ చేయండి. పాట ఎప్పుడూ ప్రోగ్రాం రూపంలో రాదు. ఈ బటన్ల బెడద తగ్గాలంటే ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్, క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోవచ్చు, రెండూ ఉచితం.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మెషిన్ విండోస్ 11కి పనికొస్తే మార్చుకోండి. చివరగా, పిల్లలకు వేరే అకౌంట్ చేసి, దాన్ని అడ్మినిస్ట్రేటర్ కాకుండా స్టాండర్డ్‌గా పెట్టండి. చాలా ప్రోగ్రాములు దిగేముందు అమ్మీదో అబ్బాదో పాస్‌వర్డ్ అడుగుతాయి. ఆ పాస్‌వర్డ్ పిల్లాడి పుట్టినరోజు కాకుండా చూసుకోండి.