నిమ్మచెక్క చెప్పిన సముద్రం

కడప బండ మీద నిమ్మచెక్క పెట్టరాదని మా ఇంట్లో ఒక శాసనం ఉంది. వంటింటి గట్టు వేసిన రోజునే మేస్త్రి, "పులుపు తగలనీకండమ్మా, బండ మచ్చ పడుతుంది" అని మా ఆవిడకు మరీ మరీ చెప్పి వెళ్ళాడు. పులిహోర చేస్తానని బయల్దేరి ఆ శాసనాన్ని ధిక్కరించినవాణ్ణి నేనే. తెల్లారేసరికి నల్లటి గట్టు మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ! మా ఆవిడ ముందు మచ్చను చూసింది, తర్వాత నన్ను చూసింది.

ఆ మచ్చ గొడవే నన్నొక సముద్రం ఒడ్డుకు చేర్చింది.

పులుపు తగిలితే కరిగేది సున్నపురాయి. పైకి ఎంత నల్లగా నిగనిగలాడినా కడప బండది సున్నపు జాతే. ఈ పొరల సున్నపురాయి నీటి అడుగున పుట్టింది. అంటే నేను కాఫీ గ్లాసు పెట్టుకునే గట్టు ఒకప్పటి సముద్రం అడుగన్నమాట. ఎక్కడిదా సముద్రం? చుక్క నీటికోసం వందల అడుగులు బోర్లు దింపే రాయలసీమలోది!

విలియం కింగ్ అనే దొర ఈ కడప, కర్నూలు రాళ్ళను పరిశీలించి 1872లో ఒక గ్రంథం వెలువరించాడు. రాతి వర్గాలకు ఆయన పెట్టిన పేర్లు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ. చచ్చిన సముద్రానికి పేరు లేదు గనుక, దాని ఎముకల మీద పారే ఏళ్ళ పేర్లూ, లేచిన కొండల పేర్లే దానికి మిగిలాయి. తిరుపతి కొండల నుంచి కృష్ణ దాటేదాకా, నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర ఆ ఎముకలు పరచుకొని ఉన్నాయి.

కథ ఇంచుమించు 200 కోట్ల ఏళ్ళ నాటిది. గట్టి గ్రానైటు నేల కుంగింది. సముద్రం లోపలికి వచ్చింది. ముందు గులకరాళ్ళూ ఇసకా పేరుకున్నాయి. పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువు కొండల్లో కనిపించేది ఆ ఇసకే, బిగిసి రాయైంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైటు, పైన ఇసకరాయి కలిసిన గీత కనిపిస్తుంది. ఆ రెంటి మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతు. మనం మాత్రం గోవింద కొట్టుకుంటూ బస్సులో దాటిపోతాం.

ఆ నీళ్ళలో చేప లేదు, నత్త లేదు. ఒడ్డున గడ్డిపరకైనా లేదు. ఉన్నవల్లా కంటికి ఆనని నీలాకుపచ్చ జీవులు. ఎండ తింటూ ప్రాణవాయువు విడిచేవి. వాటి జిగురు పొరకు బురద అంటుకునేది. దాని మీద మళ్ళీ పొర. అలా పేరుకున్న దిబ్బలు వేంపల్లె సున్నపురాళ్ళలో ఈనాటికీ అడ్డంగా కోసిన ఉల్లిపాయల్లా కనిపిస్తాయి.

తర్వాత భూమి లోపలి నిప్పు వంతు వచ్చింది. కరిగిన రాయి పులివెందుల దగ్గర ఈ పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టింది. దాని వయసు 188 కోట్ల ఏళ్ళని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. కిందనున్న పొరలు అంతకంటే పెద్దవని అలాగే తెలిసింది. మేట పేరుకున్నకొద్దీ అడుగు కుంగుతూ పోయింది. అందుకే కొన్ని కిలోమీటర్ల మందాన పొరలున్నా సముద్రం మటుకు లోతు తక్కువే. చివరకు తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆ పొరలు దుప్పటిలా ముడతలు పడ్డాయి. అవే నల్లమల కొండలు.

అంతటితో అయిపోలేదు సుమా! ఎన్నో కోట్ల ఏళ్ళకు సముద్రం రెండోసారి వచ్చింది. మా గట్టు బండ ఆ రెండోదాని బిడ్డ. నెమ్మదైన నీటిలో పొర మీద పొర దిగింది కనుకనే ఉలి పెడితే పలకలు పలకలుగా లేస్తుంది. వాన నీళ్ళు అదే సున్నాన్ని కరిగించుకుంటూ పోతే ఏర్పడ్డవి బెలుం గుహలు, 3 కిలోమీటర్లకు పైగా పొడవున. నిమ్మచెక్క మా గట్టు మీద ఒక రాత్రిలో చేసింది, వాన అక్కడ యుగాలపాటు చేసింది.

రెండుసార్లు వచ్చిన సముద్రం ఈ సీమకు ఒక్క గుక్కెడు నీళ్ళు మిగల్చలేదు. కూలి మిగిల్చింది. మండే ఎండలో, దుమ్ములో, గనుల్లో ఆ పలకలు లేపేవాళ్ళకు అది అడుగున్న సముద్రమో కాదో ఆలోచించే తీరిక ఎక్కడిది? మనకు మాత్రం అది చదరపు అడుగు ఇంత అని బేరమాడి తెచ్చుకునే సరుకు. బేరమాడేటప్పుడు దాని వయసూ, దాన్ని లేపినవాడి చెమటా రెండూ మన లెక్కలోకి రావు. అదే నాకు కాస్త సిగ్గనిపించింది.

ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఓపిగ్గా విని, "సముద్రమైతే మరీ మంచిది" అంటూ ఉప్పుజాడీ తెచ్చి ఆ మచ్చ మీద పెట్టింది.