పెంపుడు పిల్లికి ఇంటి ఆహారం

కంపెనీ మేతకు బదులు మాంసం, చేప, గుడ్డు ఇంట్లోనే వండి పిల్లికి పెట్టే పద్ధతి. పిల్లి పూర్తి మాంసాహారి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకోలేదు. ఆ విటమిన్ నేరుగా ఆహారం నుంచే అందాలి.

అన్నిటికన్నా కీలకం టారిన్ అనే అమైనో ఆమ్లం. అది లోపిస్తే పిల్లి రెటీనా క్షీణిస్తుందని 1975లో తేలింది. ఒకరకం గుండె కండర వ్యాధికీ ఈ లోపమే కారణమని, టారిన్ ఇస్తే పిల్లులు కోలుకుంటాయని 1987లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఆ పిల్లులు తిన్నది కంపెనీ మేతే. ఆ తర్వాతే తయారీదారులు టారిన్ పాళ్లు పెంచారు. కనుక టారిన్ లోపానికి తప్పు వంటింటిది మాత్రమే అనడం అన్యాయం. అయితే టారిన్ నీటిలో కరుగుతుంది. మాంసం ఉడికించిన నీళ్లు పారబోస్తే అదీ పోతుంది.

ఎముకలేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. కాల్షియం విడిగా కలపకపోతే కూనల ఎముకలు పెళుసుబారతాయి. వండిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకోవచ్చు. కాలేయం రోజూ పెడితే విటమిన్ ఎ మితిమీరి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి.

తెలుగు ఇళ్లలో పాలన్నం, పెరుగన్నం పెట్టడం పాత అలవాటు. ప్రేమగా పెట్టినా అది పిల్లికి చాలదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర అసలే పెట్టకూడదు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

వంటకాన్ని పశువైద్య పోషకాహార నిపుణులతో పరిశీలింపజేసి, పాత మేతలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. లావుపాటి పిల్లి కొత్త ఆహారం నచ్చక కొన్ని రోజులు తినకుండా మొండికేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు.