తాలు ముచ్చట

కట్టె జర లోపలికి జరుపు బిడ్డా, పొగ నీ దిక్కే వస్తున్నది. చాటల తాలంత మంటల పొయ్యకు, పిడికెడు ఉంచు. నేను చెప్పేది దాని ముచ్చటనే.

1982ల పట్నంల బ్లడ్ బ్యాంకు కొలువుకు చేరిన. నెత్తురు గాజు సీసలల్ల పడుతుంటిమి. ప్రతి సీసకు ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ చూడాలె. కామెర్ల పరీక్షకు ఆస్ట్రేలియా పేరెందుకని మా పెద్ద డాక్టరును అడిగిన. అమెరికాల బ్లూంబర్గ్ అనేటాయన దేశదేశాల నెత్తురు తెప్పించి చూస్తుండెనట. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకాయన నెత్తురును, ఎన్నోసార్లు నెత్తురెక్కించుకున్న రోగి నెత్తురుకు ఎదురుంగ పెడితే జెల్ల సన్నటి తెల్ల గీత పడ్డది. అది కామెర్ల గుర్తని 1967 నాటికి తేలింది. మేమూ గా గీత కోసమే కండ్లు చిట్లించి చూస్తుంటిమి. పడ్డదా, సీస పక్కకు.

గీతంటే కామెర్ల వైరసే అనుకున్న. కాదట, ఎక్కువ భాగం దాని తాలే! మిల్లీమీటరును పది లక్షల ముక్కలు జేస్తే ఒక ముక్క నానోమీటరు. నెత్తురుల 22 నానోమీటర్ల చిన్న గుండ్లు ముందే చూసిండ్రు. 1970ల లండన్ల డేన్ అనే డాక్టరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల 42 నానోమీటర్లవి పట్టిండు. అవి అసలు గింజలు. ఒక్క గింజకు వేలకు వేలు చిన్నయి. చిన్నయి ఒట్టి పొట్టు, లోపల జన్యువు లేదు, రోగం తేలేవు.

మన కాంటా కాడ తాలని చెప్పి తూకం కోస్తరు గదా, గక్కడ తాలుకే గిరాకీ వచ్చింది. ఒంట్ల కావలి వైరస్‌ను ఆనవాలు పట్టేది పై పొట్టును చూసే. రోగుల నెత్తురుల నుంచి గా పొట్టు ఏరి, మందులతోని శుద్ధిచేసి, హిల్లెమన్ అనేటాయన చేసిన టీకా 1981ల అమెరికాల వచ్చింది. పరాయోని నెత్తురంటే జనం జంకిండ్రు. ఎయిడ్స్ బయటపడ్డది కూడ అప్పుడే.

ఇగ పొట్టు చేసే వైరస్ జన్యువును ఈస్టుల పెట్టిండ్రు. ఈస్టు చేసిన ప్రొటీన్లు వాటంతటవే కూడి అదే 22 నానోమీటర్ల గుండైతయి. కీలకమంత గా ఆకారంలనే ఉన్నది. ప్రొటీను విడివిడిగ పెడితే కావలికి అంత ఆనదు.

గా టీకా 1986లనే అమెరికాల వచ్చింది. మనకు దిగుమతి ధర వింటేనే కడుపు నిండేది. 1997ల మన హైదరాబాద్ల శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి అనే గసుంటి టీకా తీసుకొచ్చింది. పెట్టిన వరప్రసాద్ రెడ్డి నెల్లూరు దిక్కాయన, చదివింది ఎలక్ట్రానిక్స్. కంపెనీకి తల్లి పేరు పెట్టుకున్నడు.

గా ఏడే నేనూ మొదటి సూది ఏయించుకున్న. మిగిలినయి నెలకొకటి, ఆరు నెలలకొకటి. అప్పటికి పదిహేనేండ్లు నెత్తురుల చేతులు పెట్టినోణ్ని. గ్లవ్సులు కడిగి మళ్ల తొడిగేటోళ్లం, ఏం జేస్తం.

సూది ముందు చిన్న సీసను లైటుకు పట్టి చూసిన. తెల్లగ, మసకగ ఉండె. గా జెల్ గీతనే యాదికొచ్చి, “గిదేనా తాలు” అన్న. నర్సమ్మ నవ్వి, అది అల్యూమినియం ఉప్పు తెలుపు తాతా అన్నది. తాతనా! నాకప్పుడు నలభై కూడ నిండలే.