సూరత్ వజ్రంలో మూడు లెక్కలు: క్వాంటం, డేటా, సుంకం

సూరత్ అంటే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది చీరలు, మరమగ్గాలు. తెలంగాణ నేత కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. కానీ ప్రపంచ మార్కెట్లో ఆ ఊరి పేరు మోస్తున్నది వజ్రం. సంఖ్యలో చూస్తే, ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో దాదాపు తొమ్మిది సూరత్ కార్మికుల చేతుల మీదుగా వెళ్తాయి. ఆ పనిపై లక్షల కుటుంబాలు బతుకుతున్నాయి.

ఇప్పుడా పనికి మూడు వైపుల నుంచి ఒత్తిడి వస్తోంది. ఒకటి అంతర్జాతీయ వాణిజ్యం, రెండోది డేటా భద్రత, మూడోది క్వాంటం భౌతికశాస్త్రం. పైకి సంబంధం లేనట్టు కనిపించినా ఈ మూడూ ఒకే రాయి దగ్గర కలుస్తున్నాయి.

ఆంక్షలు, సుంకాలు

సూరత్‌కు సొంత గనులు లేవు. ముడి వజ్రం బయటి నుంచి రావాలి, సానపట్టాక బయటే అమ్ముడుపోవాలి. అందుకే ఎక్కడో తీసుకున్న నిర్ణయం వరాఛా, కతార్‌గామ్ వీధుల్లోని చిన్న కార్ఖానాను తాకుతుంది. ఉక్రెయిన్‌పై దాడి తర్వాత రష్యా సంస్థ అల్రోసాపై అమెరికా ఆంక్షలు పెట్టింది. ప్రపంచ ముడి వజ్రాల్లో సుమారు మూడో వంతు ఆ సంస్థవే. 2024 జనవరి నుంచి జీ-7 దేశాలు రష్యా వజ్రాల నేరుగా దిగుమతిని నిషేధించాయి. మార్చి నుంచి, మూడో దేశంలో సానపట్టిన ఒక క్యారట్, ఆపై రష్యా రాళ్లకూ దాన్ని వర్తింపజేశాయి. సెప్టెంబరులో ఆ పరిమితిని అర క్యారట్‌కు దించాయి.

తర్వాత అమెరికా సుంకాలు వచ్చాయి. 2025 ఏప్రిల్ వరకు సానపట్టిన విడి వజ్రాలపై అక్కడ సుంకం లేదు. ఆగస్టు 27 నాటికి భారతీయ సరుకుపై అది 50 శాతానికి చేరింది. దెబ్బ అప్పటికే తగిలి ఉంది. 2021-22లో సుమారు 2,400 కోట్ల డాలర్లున్న సానపట్టిన వజ్రాల ఎగుమతి, 2024-25లో 1,330 కోట్ల డాలర్ల దగ్గరకు పడిపోయింది. పని పోయిన కార్మికుల పిల్లల బడి ఫీజులకు గుజరాత్ ప్రభుత్వమే సాయం ప్రకటించాల్సి వచ్చింది.

పుట్టిల్లు ఎలా రుజువు చేయాలి?

జీ-7 నిబంధనతో ఒక కొత్త ప్రశ్న పుట్టింది. ఈ రాయి రష్యాది కాదని ఎలా నిరూపించాలి? సానపట్టిన వజ్రాన్ని చూసి అది ఏ దేశపు గనిదో కచ్చితంగా చెప్పడం చాలా కష్టం. పైగా సూరత్‌లో చిన్న రాళ్లను పరిమాణం, రంగు, నాణ్యతను బట్టి ఏరి కలిపేస్తారు. ఒక్క పొట్లంలో నాలుగు దేశాల రాళ్లుండవచ్చు.

అందుకే రాయితో పాటు దాని రికార్డూ ప్రయాణించాలి. డీబీర్స్ సంస్థ ట్రేసర్ పేరుతో నడుపుతున్న బ్లాక్‌చెయిన్ వేదిక ఇలాంటిదే. గనిలో తీసిన రాయిని స్కాన్ చేసి గుర్తింపు ఇస్తారు. తర్వాత ప్రతి దశా అందులో నమోదవుతుంది. ఒకసారి రాసింది ఎవరూ గుట్టుగా మార్చలేరు.

దీని హద్దు కూడా తెలుసుకోవాలి. రికార్డు మారలేదని బ్లాక్‌చెయిన్ చెప్పగలదు, మొదట రాసింది నిజమో కాదో చెప్పలేదు. ఇక రెండో సమస్య కాలం. నేటి డిజిటల్ సంతకాల్లో ఎక్కువ భాగం కొన్ని గణిత సమస్యల కష్టం మీద ఆధారపడ్డాయి. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే వాటిని ఛేదించవచ్చని పీటర్ షోర్ 1994లోనే చూపించారు. అంత పెద్ద యంత్రం ఇంకా లేదు. కానీ ఈరోజు కొన్న వజ్రం నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అమ్మకానికి రావచ్చు. దాని సంతకం అప్పటికీ నమ్మదగినదై ఉండాలి. క్వాంటం దాడికి తట్టుకునే తొలి మూడు ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. వజ్రాల రికార్డులు పెట్టేవారు ఇక వాటికి మారక తప్పదు.

లోపమే ఉపయోగం

మూడో లెక్క రాయి లోపల ఉంది. వజ్రం అంతా కార్బనే. అందులో ఒక కార్బన్ అణువు స్థానంలో నైట్రోజన్ చేరి, పక్క స్థానం ఖాళీగా ఉంటే దాన్ని ఎన్‌వీ కేంద్రం అంటారు. అక్కడి ఎలక్ట్రాన్ స్పిన్ క్యూబిట్‌లా పనిచేస్తుంది. పచ్చని లేజర్ వేస్తే ఎర్రని వెలుగు ఇస్తుంది. ఆ వెలుగు హెచ్చుతగ్గులను బట్టి స్పిన్ స్థితిని చదవచ్చు, అతి స్వల్ప అయస్కాంత క్షేత్రాన్నీ కొలవచ్చు. అమరావతి క్వాంటం వ్యాలీకి ప్రకటించిన ఐబీఎం యంత్రంలోని క్యూబిట్లు పరమశూన్యానికి దగ్గరి చలిలోనే పనిచేస్తాయి. ఎన్‌వీ కేంద్రానికి గది ఉష్ణోగ్రత చాలు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ శాస్త్రవేత్తలు 1.3 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు వజ్రాల మధ్య క్వాంటం బంధాన్ని నిరూపించింది ఈ కేంద్రాలతోనే. ఆ ప్రయోగంలో మాత్రం వజ్రాలను బాగా చల్లబరిచారు.

ఇలాంటి వజ్రం తయారీ సూరత్‌కు పూర్తిగా కొత్తదేమీ కాదు. మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్‌తో ప్లాస్మాగా మార్చి, పలుచని వజ్రపు పలక మీద పొరలు పొరలుగా పెంచే రియాక్టర్లు అక్కడ చాలా ఉన్నాయి. 2023లో ప్రధాని మోదీ జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారట్ల వజ్రం సూరత్‌లో తయారైందే. తేడా శుద్ధిలో ఉంది. కాస్త నైట్రోజన్ కలిపితే రాయి త్వరగా పెరుగుతుంది, ఉంగరానికి అది చాలు. క్వాంటం రాయిలో నైట్రోజన్ వంద కోట్ల అణువులకు కొద్ది అణువులకు మించకూడదు, ఎన్‌వీ కేంద్రాలు కావలసిన చోటే ఏర్పడాలి. అందుకు రాయిని నిదానంగా పెంచాలి, ప్రతి పొరనూ కొలవాలి. కృష్ణా తీరాన కొల్లూరులో దొరికిన గోల్కొండ వజ్రాలకు పేరు తెచ్చిన స్వచ్ఛతా ఇదే. వాటిలోనూ నైట్రోజన్ దాదాపు ఉండదు.

సూరత్ ముందున్న దారి

ఆభరణాల కోసం పెంచే వజ్రాల ధర కొన్నేళ్లుగా పడిపోతూనే ఉంది. డీబీర్స్ 2025లో తన లైట్‌బాక్స్ ఆభరణాల బ్రాండ్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. దాని అనుబంధ సంస్థ ఎలిమెంట్ సిక్స్ మాత్రం పరిశ్రమలకు, క్వాంటం పరికరాలకు కావలసిన వజ్రాల మీదే దృష్టి పెట్టింది. మన దగ్గర ప్రయోగశాల వజ్రాల పరిశోధనకు 2023లో ఐఐటీ మద్రాస్‌కు ఐదేళ్లకు 242.96 కోట్ల రూపాయలు కేటాయించారు. అదే ఏడాది 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్ మొదలైంది.

క్వాంటం వజ్రాల మార్కెట్ ఇంకా చిన్నది. సానపట్టే లక్షల మందికి అది పని ఇవ్వలేదు. వారికి తక్షణం కావలసింది సుంకాల భారం తగ్గడం, తమ చిన్న రాళ్ల పుట్టుకనూ నమోదు చేసే చవకైన పద్ధతి. అయితే రియాక్టర్ల మీద పెట్టుబడి పెట్టి ధరలు పడి నష్టపోతున్న యజమానికి, ప్లాస్మా యంత్రం నడపడం నేర్చుకున్న సాంకేతిక నిపుణుడికి శుద్ధమైన రాయి ఒక దారి. చెన్నై ప్రయోగశాలలో పండే ఫలితం సూరత్ రియాక్టర్ దాకా చేరుతుందా లేదా అన్నదే రాబోయే కొన్నేళ్లలో గమనించాల్సిన విషయం.